పంపు ఆపినా పాలు ఆగలేదు: రెటీనా రక్తప్రవాహం ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

కాగితం మీద చూస్తే చాలా తేలికైన పని. మధుమేహం ఉన్నవారి రెటీనాలో (కంటి లోపలి వెనక పొరలో) రక్తం ఎలా పారుతోందో చూడడానికి ఇప్పుడు నాలుగైదు రకాల ఇమేజింగ్ పద్ధతులు ఉన్నాయి. ఒకే మనిషిని ఒకే రోజున వరసగా వాటి ముందు కూర్చోబెట్టి, ఏది ఏం చెబుతోందో పోల్చాలి. మా దగ్గరున్నవి మూడు: ఓసీటీ యాంజియోగ్రఫీ, డాప్లర్ ఓసీటీ, లేజర్ స్పెకిల్. (ఓసీటీ అంటే కాంతితో కణజాలాన్ని పొరలు పొరలుగా చూపే స్కాన్.) మొదటిదాన్ని అందరూ ఓసీటీఏ అంటారు, నేనూ అలాగే రాస్తాను. నాలుగోది ఫ్లోరెసిన్ యాంజియోగ్రఫీ. దానికి చేతి సిరలోకి రంగు ఎక్కించాలి. పరిశోధన కోసమని ఎవరికీ సూది వేయవద్దని నైతిక సంఘం ముందే చెప్పింది. వైద్యానికి అవసరమై డాక్టరు రాసినవారి బొమ్మలను మాత్రం, వారి అనుమతితో వాడుకోవచ్చు.

పాత వ్యాసాలు చదవడంతోనే వారం గడిచిపోయింది. మధుమేహం తొలిదశలో రెటీనాకు రక్తం ఎక్కువ పారుతుందనేవి ఒక దొంతర, తక్కువ పారుతుందనేవి మరో దొంతర. ఏ దొంతరనూ తీసిపారేయడానికి లేదు. వ్యాధి ఎన్నేళ్లదో, ఆ పూట రక్తంలో చక్కెర ఎంత ఉందో, రక్తపోటు ఎంతో, ఏ పరికరంతో కొలిచారో, అన్నీ వేరువేరే. పరికరం మాటకొస్తే, ఆరోగ్యవంతుల రెటీనా మొత్తానికి నిమిషానికి పారే రక్తం లేజర్ డాప్లర్‌తో 1980లలో ఒక బృందం కొలిచినప్పుడు 80 మైక్రోలీటర్ల దగ్గర తేలింది. తర్వాత వచ్చిన డాప్లర్ ఓసీటీ దాన్ని 45 దగ్గరికి దించింది. కళ్లు అవే, రక్తమూ అదే.

ఈ 45 మైక్రోలీటర్లు ఎంతో ఊహించుకోవడానికి చాలాసేపు అవస్థ పడ్డాను. చివరికి బల్ల మీదున్న కంటిమందు సీసా దారి చూపింది. అందులోంచి పడే ఒక చుక్క దాదాపు అంతే ఉంటుంది. నిమిషానికి ఒక చుక్క! మేము కొలవబోతున్నది దాన్ని.

రెండో వారం

పరికరాలతో పరిచయం. ఫ్లోరెసిన్ గురించి అందరికీ తెలిసినదే కాబట్టి క్లుప్తంగా రాసుకుంటాను. 1961లో నొవోట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు వైద్య విద్యార్థులు దీన్ని ప్రకటించారు. మొదట పరీక్షించినది ఆల్విస్ కంటినే. రంగు మీద నీలి కాంతి పడితే పచ్చటి కాంతి తిరిగి వస్తుంది. చేతిలో ఎక్కించిన రంగు పది పదిహేను సెకన్లలో కంటిని చేరుతుంది, తర్వాత ధమనులు, కేశనాళికలు, సిరలు వరసగా నిండుతాయి. ఎక్కడ నిండలేదో, ఎక్కడ కారుతోందో స్పష్టంగా తెలుస్తుంది. కారడం చూపించే విషయంలో ఇప్పటికీ దీనికి సాటి లేదు. కొందరికి వికారం వస్తుంది, చర్మం కాసేపు పసుపు పచ్చగా మారుతుంది, చాలా అరుదుగా తీవ్రమైన అలర్జీ కూడా రావచ్చు.

ఓసీటీఏకు సూది అక్కరలేదు. రెటీనాలో ఒకే గీత మీద కొన్ని మిల్లీసెకన్ల తేడాతో రెండు మూడు సార్లు స్కాన్ చేస్తుంది. కదలని కణజాలం ప్రతిసారీ ఒకేలా కనిపిస్తుంది, ఎర్రకణాలు పరిగెత్తే చోట సంకేతం మారిపోతుంది. ఆ మార్పునే వెలుగుగా మలిచి బొమ్మ గీస్తుంది. రెటీనా మధ్యభాగమైన మాక్యులా దగ్గర 3 మి.మీ. చదరంలో కేశనాళికల వల మొత్తం కనిపించేసరికి మొదటిరోజు పని మానేసి అలా చూస్తూ కూర్చున్నాను. పై పొర వల వేరుగా, లోతు పొర వల వేరుగా విడదీసి చూపిస్తుంది. ఫ్లోరెసిన్‌లో ఆ లోతు వల కనిపించదు.

"దీంట్లో రక్తప్రవాహం ఇంత బాగా తెలుస్తుంటే ఇంక పోల్చడానికేముంది మేడమ్?" అని మా గైడుగారిని అడిగాను.

"ముందు పాలతో చెయ్యి," అన్నారు. "తర్వాత మాట్లాడుకుందాం."

మూడో వారం

పాలతో అంటే నిజంగా పాలతోనే. లోపలి వ్యాసం 0.1 మి.మీ. ఉన్న గాజు గొట్టంలోకి సిరంజి పంపుతో నీళ్లు కలిపిన పాలు పంపాలి. పాలలోని కొవ్వు బిందువులు ఎర్రకణాల్లాగే కాంతిని చెదరగొడతాయి. గొట్టం మందం రెటీనాలోని ఒక మోస్తరు పెద్ద నాళమంత ఉంటుంది. పంపు మీద నిమిషానికి ఎన్ని మైక్రోలీటర్లో నేనే పెడతాను కాబట్టి సరైన జవాబు ముందే తెలిసిన పరీక్ష ఇది.

సోమవారం గొట్టం మూసుకుపోయి ఉంది. శనివారం కడగకుండా ఇంటికి వెళ్లిపోయాను, తోడు వేయనవసరం లేకుండానే లోపల పెరుగు తయారైంది. 0.1 మి.మీ. గొట్టంలోంచి పెరుగు తీయడం ఎవరికీ సాధ్యం కాదు. కొత్త గొట్టం బిగించి మళ్లీ అమర్చేసరికి మధ్యాహ్నమైంది.

నిమిషానికి 5 మైక్రోలీటర్లు పెట్టాను. లెక్క ప్రకారం గొట్టంలో సగటు వేగం సెకనుకు 10.6 మి.మీ. ఓసీటీఏ బొమ్మలో గొట్టం తెల్లగా వెలిగింది. పంపును 10కి పెంచాను, వేగం రెట్టింపు. బొమ్మ మారలేదు. 20కి పెంచాను. అప్పుడూ అదే తెలుపు. పంపు నిజంగా తిరుగుతోందా అని చెయ్యి పెట్టి చూశాను, తిరుగుతోంది. బయటి గిన్నెలోకి పాలు వేగంగానే పడుతున్నాయి.

కారణం ఆలోచిస్తే సులువే. మా స్కాన్ల మధ్య ఎడం 5 మిల్లీసెకన్లు. సెకనుకు 10.6 మి.మీ. వేగంతో కొవ్వు బిందువు ఆలోపు 53 మైక్రాన్లు పోతుంది. కాంతిపుంజం వెడల్పు 20 మైక్రాన్లు కూడా లేదు. అంటే రెండో స్కాన్ వచ్చేసరికి ఆ చోట పూర్తిగా వేరే బిందువులు ఉంటాయి. పూర్తిగా మారిపోయిన సంకేతం ఇంకా ఎక్కువగా మారడానికి ఏముంటుంది? పంపును 0.1కి దించాక, అంటే సెకనుకు 0.2 మి.మీ. దగ్గర, వెలుగు తగ్గడం మొదలైంది.

తర్వాత పంపు ఆపేశాను. నల్లబడాల్సిన గొట్టం నల్లబడలేదు. మసకగా వెలుగుతూనే ఉంది. ఎక్కడో కారుతోందనుకుని కీళ్లన్నీ బిగించాను, బల్ల ఊగుతోందేమోనని ఊపిరి బిగబట్టి మరీ స్కాన్ తీశాను. అరగంట తర్వాత అటుగా వచ్చిన మేడమ్ గారు చూసి నవ్వారు. పంపు ఆగినంత మాత్రాన కొవ్వు బిందువులు ఆగవు. ద్రవంలో అతి చిన్న కణాలన్నీ తమంతట తాము కదులుతూనే ఉంటాయి, అది బ్రౌనియన్ చలనం. అవి ఎటూ పోవడం లేదు, ఉన్నచోటే తడబడుతున్నాయి. ఓసీటీఏకు ఆ తడబాటూ కదలికే.

ఆ రోజు డైరీలో రాసుకున్న వాక్యం ఇది: "ఓసీటీఏ కదులుతోందని చెబుతుంది, ఎంత వేగంగానో చెప్పదు." దీనికి మందు కూడా కనిపెట్టారు. స్కాన్ల మధ్య ఎడాన్ని రెండు రకాలుగా మార్చి, రెండు బొమ్మల తేడాను బట్టి నెమ్మదైన నాళాలనూ వేగమైన నాళాలనూ వేరుచేస్తారు. మా పరికరంలోని సాఫ్ట్‌వేరులో ఆ సౌకర్యం లేదు.

నాలుగో వారం

డాప్లర్ ఓసీటీ. పేరుకు తగ్గట్టు ఇది నిజంగానే వేగాన్ని కొలుస్తుంది. రైలు కూత దగ్గరకొస్తుంటే ఒకలా, దూరమవుతుంటే ఒకలా వినిపించినట్టు, పుంజం వైపు వచ్చే కణాలూ దూరమయ్యే కణాలూ కాంతిని వేరువేరుగా మారుస్తాయి. పాల గొట్టం మీద మొదటిసారి చూసినప్పుడు ముచ్చటేసింది. గోడల దగ్గర నెమ్మది, మధ్యలో వేగం, పుస్తకంలో గీసినట్టే. మధ్యలో వేగం సగటుకు రెట్టింపు ఉండాలి, ఉంది.

చిక్కల్లా కోణంతోనే. డాప్లర్‌కు పుంజం దిశలో ఉన్న వేగం మాత్రమే తెలుస్తుంది. రెటీనాలో నాళాలు నేల మీద పరిచిన గొట్టాల్లా పడుకుని ఉంటాయి, పుంజం పైనుంచి దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది. కొలిచిన వేగాన్ని కోణపు కొసైన్‌తో భాగిస్తే అసలు వేగం వస్తుంది. 90 డిగ్రీల దగ్గర ఆ కొసైన్ చాలా చిన్నది, ఇట్టే మారిపోతుంది.

ఎంత మారుతుందో చూద్దామని గొట్టాన్ని 85 డిగ్రీల దగ్గర బిగించి, పంపు 5 మైక్రోలీటర్లకు పెట్టి ఒకే ఒక్క స్కాన్ తీశాను. లెక్కలో కోణం 85 అని ఇస్తే 5 వచ్చింది. అదే స్కాన్‌కు 84 అని ఇస్తే 4.2, 86 అని ఇస్తే 6.2. గొట్టం కదలలేదు, పాలు మారలేదు, నేను ఒక అంకె మార్చానంతే. రోగి గడ్డాన్ని ఆనించే చోట మెత్త కాస్త అణిగినా కోణం మారుతుందని తలచుకుంటే, ఇన్నాళ్లూ చదివిన ఆ రెండు దొంతరల వ్యాసాలు వేరేగా కనిపించసాగాయి.

దీనికీ ఉపాయాలున్నాయి. రెండు పుంజాలను వేరువేరు కోణాల్లో పంపి కోణాన్నే లెక్కలోంచి తప్పించడం ఒకటి. దృష్టినాడి కంటిని కలిసే బిందువు దగ్గర నాళాలు లోపలి నుంచి నిలువుగా పైకి వస్తాయి కాబట్టి, అక్కడ అడ్డంగా కోసిన తలంలో ప్రతి నాళం గుండా వచ్చే ప్రవాహాన్ని కూడితే కోణం అవసరమే ఉండదు. మేము రెండోది ఎంచుకున్నాం. అందులో ఇంకో తిరకాసు ఉంది. మా పరికరం తరంగదైర్ఘ్యం 840 నానోమీటర్లు, గీతకూ గీతకూ ఎడం 10 మైక్రోసెకన్లు. పుంజం దిశలో వేగం సెకనుకు దాదాపు 16 మి.మీ. దాటితే దశ (కాంతి అల ఏ స్థానంలో ఉందో చెప్పే కొలత) ఒక చుట్టు తిరిగి దిశ తారుమారుగా కనిపిస్తుంది. నిలువుగా వచ్చే ధమనిలో గుండె కొట్టుకున్న క్షణాన ఇది నిజంగానే జరుగుతుంది. ఎర్రగా ఉండాల్సిన నాళం మధ్యలో నీలిమచ్చ పుట్టి మాయమవుతుంది. మొదట చూసినప్పుడు ధమనిలో రక్తం వెనక్కి పారుతోందని గాబరా పడ్డాను.

ఐదో వారం

లేజర్ స్పెకిల్‌తో రెండు రోజులే. గరుకు ఉపరితలం మీద లేజర్ పడితే గింజలు గింజలుగా చుక్కలు కనిపిస్తాయి. కింద రక్తం పారుతుంటే ఆ చుక్కలు చెదిరి మసకబారుతాయి. మసక ఎంత ఎక్కువైతే ప్రవాహం అంత ఎక్కువ. రెటీనాలో రక్తం కోసం ఈ ఊహ చేసినవారు ఫెర్చర్, బ్రయర్స్, 1981లో. మా పరికరం 830 నానోమీటర్ల లేజర్‌తో సెకనుకు 30 చొప్పున నాలుగు సెకన్ల పాటు బొమ్మలు తీస్తుంది. అందులో నాలుగైదు గుండె చప్పుళ్లు పడతాయి. నా కంట్లో నా గుండె కొట్టుకోవడం తెర మీద అలలుగా చూశాను. మెట్లెక్కి వచ్చి మళ్లీ కూర్చుంటే అల ఆకారమే వేరు.

ఇది ఇచ్చే అంకెకు కొలమానం లేదు. మైక్రోలీటర్లు కావు, మిల్లీమీటర్లూ కావు, ఊరికే ఒక అంకె. కంటి అడుగున రంగు ముదురుగా ఉన్నవారికీ లేతగా ఉన్నవారికీ ఆ అంకెను పక్కపక్కన పెట్టి పోల్చడం ప్రమాదం. అదే కంటిని నెల తర్వాత మళ్లీ కొలిస్తే మాత్రం నమ్మదగినది.

ఒక పిట్టకథ. ప్రవాహం చూడడానికి పరికరమే లేని రోజుల సంగతి చదివి, ఆ సాయంత్రం డాబా మీద పడుకుని నీలాకాశం వైపు రెప్పవేయకుండా చూశాను. కాసేపటికి సన్నటి తెల్లని చుక్కలు వంకరటింకర దారుల్లో పరిగెత్తి మాయమవుతూ కనిపించాయి. అవన్నీ ఒక తాళంలో, గుండెతో పాటే వేగం పుంజుకుంటాయి. ఎర్రకణాలు నీలి కాంతిని మింగేస్తాయి, తెల్లకణాలు మింగవు. కేశనాళికలో తెల్లకణం పోతున్నప్పుడు దాని వెనకున్న గ్రాహకాలకు చిన్న వెలుతురు కిటికీ తెరుచుకుంటుంది. ఇంత ఖర్చు పెట్టి మేము చూడబోయేది కంటికి ఊరికే కనిపిస్తూనే ఉంది, అంకె రాదు అంతే.

ఆరు, ఏడు వారాలు

మనుషులతో మొదలుపెట్టాం. వచ్చేముందు కాఫీ, టీ తాగవద్దని చెప్పాం, కెఫీన్ రక్తనాళాలను సన్నబరుస్తుంది. వచ్చాక పది నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, వేలికొన నుంచి చక్కెర, చేతికి రక్తపోటు, కంటి ఒత్తిడి చూస్తాం. కంటికి రక్తాన్ని నెట్టే ఒత్తిడి ఈ చివరి రెండింటి తేడా మీద ఆధారపడుతుంది. రక్తపోటు 120/80 అయితే సగటు ధమని ఒత్తిడి 93. కూర్చున్న మనిషికి అందులో మూడింట రెండు వంతులు తీసుకుంటే 62. కంటి ఒత్తిడి 15 తీసేస్తే మిగిలేది 47. ఈ అంకె రాసుకోకుండా ప్రవాహం పెరిగింది, తగ్గింది అనడంలో అర్థం లేదు.

మూడో రోజు పొరపాటు జరిగింది. కంటిపాప పెద్దది కావడానికి ట్రోపికమైడ్ ఒక్కటే వాడాలని నియమం. ఫినైలెఫ్రిన్ కలిసిన చుక్కలు వాడితే పాప బాగా విచ్చుకుంటుంది గానీ ఆ మందు రక్తనాళాలను కుదిస్తుంది. రెండు సీసాలూ ఒకే సైజు, మూతలు ఒకే రంగు. వేసేశాక గమనించాను. ఆ మనిషి కొలతలన్నీ పక్కన పెట్టి, వేరే రోజు మళ్లీ రావలసిందిగా బతిమాలాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ రెండో సీసా ఈ గదిలోకే రాదు.

బొమ్మలు తీయడం కూడా ఒక విద్యే. రెప్ప వేస్తే నల్లపట్టీ, చూపు కదిలితే నాళం విరిగినట్టు తెల్లగీత. పెద్దవాళ్లకు కళ్లు పొడిబారి సంకేతం పడిపోతుంది, రెండు చుక్కల కృత్రిమ కన్నీరు వేస్తే లేచి కూర్చుంటుంది. ఒక పెద్దాయన, మధుమేహం వచ్చి చాలా ఏళ్లయిందట, తెర వైపు చూస్తూ అడిగారు: "ఇందులో నా షుగరు కనిపిస్తుందా తల్లీ?"

"షుగరు కనిపించదండీ. అది రక్తనాళాలను ఏం చేసిందో కొంత కనిపిస్తుంది."

"ఎంత చేసిందో చెప్పగలవా?"

చెప్పలేకపోయాను. డాక్టరుగారు చూసి చెబుతారని దాటవేశాను. నిజానికి ఆయన అడిగినదే మా ప్రాజెక్టు ప్రశ్న.

ఆయనకు డాక్టరు అంతకుముందే ఫ్లోరెసిన్ తీయించారు. రాత్రి ఆ బొమ్మనూ మా ఓసీటీఏ బొమ్మనూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మాక్యులాకు పైన ఒక చోట ఫ్లోరెసిన్‌లో తెల్లటి చుక్కల గుత్తి ఉంది. అవి మైక్రోఅన్యూరిజమ్‌లు, కేశనాళికల గోడలు బలహీనపడి ఉబ్బిన బుడగలు. ఓసీటీఏలో అదే చోట వాటిలో కొన్నే ఉన్నాయి. మిగతావి ఏమైనట్టు? రంగు ఎంత నెమ్మదిగానైనా బుడగలోకి చేరి వెలుగుతుంది. ఓసీటీఏకు మాత్రం లోపల కణాలు కదలాలి. రక్తం నిలిచిపోయినంత నెమ్మదిగా ఉన్న బుడగ దానికి లేనట్టే. పాల గొట్టంలో వేగం ఎక్కువైన చోట చూసిన గుడ్డితనానికి ఇది రెండో కొస. మరో పక్క, ఫ్లోరెసిన్‌లో రంగు కారి మసకబారిన చోట కేశనాళికలే గుర్తుపట్టలేం, ఓసీటీఏలో అదే చోట వల చక్కగా, తెగిన పోగులతో సహా కనిపిస్తోంది. ఏ బొమ్మా అబద్ధం చెప్పడం లేదు.

ఎనిమిదో వారం

లెక్కలు. ఇక్కడ అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు పోయాయి.

మొదటి అవస్థ, మాక్యులా నడిమధ్యనున్న ఫోవియాలో నాళాలు లేని ఖాళీ. మధుమేహంలో ఆ ఖాళీ పెద్దదవుతుంది, అంచులు చిరిగినట్టవుతాయి. దాని వైశాల్యం కొలవాలంటే బొమ్మ నిజంగా 3 మి.మీ. ఉండాలి. పరికరం ప్రతి కంటి పొడవునూ దాదాపు 24 మి.మీ. అనుకుని ఆ చదరం గీస్తుంది. 26 మి.మీ. పొడవున్న కంట్లో అదే చదరం మరింత పెద్ద మేర కప్పుతుంది. సరిదిద్దితే వైశాల్యం 19 శాతం పెరిగింది. కంటి పొడవు కొలవకుండా పట్టిక నింపి ఉంటే, దూరపు చూపు సరిగా లేని పొడుగు కళ్లవారంతా మధుమేహం తక్కువ ముదిరినవారిలా కనిపించేవారు.

రెండోది నాళాల సాంద్రత. ఎంత వెలుగుంటే నాళం, ఎంతకంటే తక్కువైతే నేపథ్యం అని గీత ఎక్కడ గీయాలి? రెండు రకాల పద్ధతులతో గీశాను, ఒకే బొమ్మకు రెండు సాంద్రతలు. పైగా శుక్లం ముదిరినవారికి సంకేతం మందగించి సాంద్రత దానంతటదే పడిపోతుంది. సంకేత బలం ఒక హద్దుకు తక్కువున్న స్కాన్లను తీసేయాలని నిర్ణయించుకున్నాం. పెద్దవయసు వారివే ఎక్కువ పోయాయి, బాధేసింది.

మాక్యులాలో నీరు చేరినవారి స్కాన్లలో పొరలను విడదీసే గీత తప్పు దారి పట్టి, పై వల సగం లోతు వలలోకి జారిపోయింది. చేత్తో సరిదిద్దుతూ రెండు రోజులు గడిపాను. దాని గురించి ఇంకేం రాయను.

గురువారం మూడు పరికరాల అంకెలనూ జతకట్టి, సహసంబంధం (ఒకటి పెరిగితే రెండోదీ ఎంత వరసగా పెరుగుతోందో చెప్పే అంకె) లెక్కవేసి, గ్రాఫు గీసి మేడమ్ గారికి చూపించాను. ఆవిడ ఒక్కటే అడిగారు: "సహసంబంధం ఉంటే రెండూ ఒకే జవాబు చెబుతున్నట్టా?"

కాదు. ఒక తక్కెడ ఎప్పుడూ పది శాతం ఎక్కువ తూచినా సహసంబంధం నూటికి నూరు ఉంటుంది. దీనికి బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే గణాంక నిపుణులు 1986లో చెప్పిన పద్ధతి ఉంది, రెండు కొలతల తేడాను వాటి సగటుకు ఎదురుగా గీయడం. సరే, అదే గీస్తానని కూర్చున్నాను. మైక్రోలీటర్లలోంచి కొలమానం లేని అంకెను తీసేయడం ఎలా? శాతంలో ఉన్న సాంద్రతను దేనిలోంచి తీసేయాలి? తేడాయే లేనిచోట గ్రాఫు ఎక్కడిది?

పట్టిక తెరిచి చూస్తే మూడు వరుసల మీదా నేనే "ప్రవాహం" అని పేరు పెట్టాను, మొదటి వారంలో. మూడూ చెరిపేశాను. ఒకదాని మీద "కదలిక ఉన్న నాళాల విస్తీర్ణం" అని, రెండోదాని మీద "దృష్టినాడి దగ్గర మొత్తం ప్రవాహం, మైక్రోలీటర్లు" అని, మూడోదాని మీద "మసక అంకె, అదే కంటితో పోల్చడానికే" అని రాశాను. ప్రస్తుతానికి ఒక్కో పరికరం తనతో తాను ఎంత నిలకడగా ఉందో మాత్రం లెక్క కడుతున్నాం. ఒకే మనిషిని వెంటవెంటనే కొలిచినప్పుడు వచ్చే చెదురును 2.77తో గుణిస్తే, అంతకు మించిన మార్పును మాత్రమే నిజమైన మార్పుగా తీసుకోవచ్చు.

తొమ్మిదో వారం

మూడింటినీ ఒకే కొలమానంలోకి తెచ్చే దారి ఒకటి దొరికింది. కంటికి మినుకుమినుకుమనే వెలుగు చూపిస్తే, నరకణాలకు పని పెరిగి రెటీనా నాళాలు విచ్చుకుంటాయి. మధుమేహంలో, రెటినోపతి (మధుమేహం వల్ల రెటీనాకు వచ్చే జబ్బు) కనిపించకముందే ఈ స్పందన మందగిస్తుందని బాగా రుజువైంది. ముందు, తర్వాత కొలిచి మార్పును శాతంలో రాస్తే ఏ పరికరానికైనా శాతం శాతమే. మైక్రోలీటర్ల గొడవ లేదు, రంగు గొడవ లేదు.

సెకనుకు 12.5 సార్లు మినుకుమనే దీపం ముందు మొదట నేనే కూర్చున్నాను. కళ్ల ముందు లేని రంగులు, గళ్లు కనిపించి కాస్త తల తిరిగినట్టయింది. మూర్ఛ ఉన్నవారిని ఈ భాగానికి పిలవకూడదని నియమాల్లో చేర్చాం. స్పెకిల్‌లో అల పైకి లేచింది, కంటికే తెలిసేంతగా. డాప్లర్‌లోనూ లేచింది, కానీ గత వారం మొదలుపెట్టిన నిలకడ లెక్క ప్రకారం అది హద్దు దాటిందో లేదో ఇంకా తేలాలి. ఓసీటీఏలో ఏమీ మారలేదు, పాల గొట్టం చూశాక మారుతుందని నేనూ అనుకోలేదు. కానీ స్కాన్ జరుగుతున్నంతసేపూ వెలుగు మినుకుమంటూనే ఉంటే లోతు వలలో ఏమైనా కనిపించవచ్చని మేడమ్ గారి అనుమానం. అది చూడాలంటే దీపాన్ని ఆ పరికరం పక్కకు తేవాలి, తీగ అక్కడిదాకా రావడం లేదు. మూడు మీటర్ల తీగ కావాలని రాసి ఇచ్చాను. మంగళవారం మొదటి పేరు ఆ పెద్దాయనదే.